‘అట్టివాడు’ ఎవడు? : వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో ఒక వచనం చరిత్ర

కొన్నేళ్ల క్రితం మా పీఠంలో అనువాద తరగతి జరుగుతున్నప్పుడు హోసూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని చిన్న సందేహం పట్టుకొని వచ్చింది. ఆమె ఇంటి భాష తెలుగు, బడి భాష తమిళం. మన పీఠాల్లో చేరే చాలామంది పరిస్థితి ఇదే. ఒక ఇంగ్లీషు వ్యక్తిత్వ వికాస గ్రంథంలోని అధ్యాయాన్ని తెలుగు చేయమని నేనే ఇచ్చాను. ఆ అధ్యాయం బైబిల్లోని సామెతల గ్రంథం 23వ అధ్యాయం 7వ వచనంతో మొదలవుతుంది. మనిషి తన హృదయంలో ఏది తలుస్తాడో తానూ అదే అవుతాడన్నది ఆ వచనానికి గ్రంథకర్త తీసుకున్న అర్థం. మతగ్రంథాల వాక్యాలు ఎదురైనప్పుడు సొంత అనువాదానికి దిగవద్దని, ప్రచారంలో ఉన్న తెలుగు పాఠాన్నే తీసుకొమ్మని నేను తరగతిలో చెబుతూ ఉంటాను. ఆమె అలాగే చేయబోయింది.

ముందు ఆమె తనకు బాగా అలవాటైన తమిళ బైబిలు చూసింది. ఇంగ్లీషు గ్రంథకర్త చెప్పినదానికి దగ్గరగానే ఉంది: వాడి హృదయపు తలపు ఎలాంటిదో వాడూ అలాంటివాడే అన్న అర్థం వచ్చింది. తరవాత తెలుగు బైబిలు తెరిచింది. అక్కడ తలపుల సంగతి లేదు. తనలో తాను లెక్కలు చూసుకొనే ఒకానొక మనిషి ప్రస్తావన ఉంది. పైగా వాక్యం ‘అట్టివాడు’ అని మొదలవుతుంది. ఎట్టివాడో తెలియాలంటే పై వాక్యం చదవాలి. పై వాక్యం చదివితే అది భోజనం గురించి! “సార్, ఏది వేయమంటారు?” అని అడిగింది.

ఆ రోజు నాకు వెంటనే సమాధానం తోచలేదు. తెలుగు పాఠం వేస్తే ఆ అధ్యాయమంతా కూలిపోతుంది. తమిళ పాఠాన్ని తెలుగు చేసి వేస్తే, తెలుగు క్రైస్తవ పాఠకుడు తన గ్రంథం తెరిచి చూసి ఇది మా బైబిల్లో లేదే అంటాడు. ఆ గ్రంథాన్ని పవిత్రంగా భావించని పాఠకుడికి ఏది వేసినా ఒకటే అనుకోవచ్చు గాని, అదీ నిజం కాదు. లేఖనం అన్న పేరుతో తన ముందుకు వచ్చిన మాటకు అతడు కూడా ఎంతో కొంత తల వంచుతాడు. ఈ తరహా పుస్తకాల బలం అక్కడే ఉంది. అన్ని మతాలవారికీ అమ్ముడుపోవాలి కాబట్టి మతం మాట తగ్గించాలి. మాటకు బరువు రావాలి కాబట్టి మతగ్రంథాన్ని వదులుకోకూడదు. ఈ రెండు అవసరాల మధ్య వచనానికి ఏమవుతుందో చూడడానికి ఈ ఒక్క వాక్యం చరిత్ర చాలు అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు వచనం దాని సొంత ఇంట్లో ఎలా ఉందో చూద్దాం. సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో 6 నుంచి 8 వరకు ఉన్న మూడు వచనాలూ కలిపి ఒకే హెచ్చరిక. పిసినారి ఇంట భోజనానికి వెళ్లవద్దు, అతని రుచులకు ఆశపడవద్దు. నోటితో తినమంటాడు, తాగమంటాడు గాని మనసు నీ మీద ఉండదు. తిన్న ముద్ద కక్కుకోవలసి వస్తుంది, నువ్వు పలికిన తీపి మాటలన్నీ వృథా అవుతాయి. ఇదీ సారాంశం. హీబ్రూ మూలంలో ఆ గృహస్థుణ్ని ‘చెడ్డ కన్ను గలవాడు’ అంటారు. మన భాషలో అది దిష్టి పెట్టేవాడన్న అర్థం ఇస్తుంది. హీబ్రూలో అది లోభికి, ఎదుటివాడు తింటే చూడలేనివాడికి వాడే మాట. తెలుగు అనువాదకులు ఆ గొయ్యిలో పడలేదు. ఇతరుల మేలు చూసి ఓర్వలేనివాడు అన్న భావంతో రాశారు. వడ్డిస్తూనే విస్తట్లో ముద్దలు లెక్కపెట్టే మనిషి ఎలా ఉంటాడో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ‘లోలోపల లెక్కలు’ అన్నమాట ఇక్కడ ఎంత అతికిందో గమనించండి.

చిక్కంతా ఒక్క క్రియాపదం దగ్గర ఉంది. హీబ్రూలో ‘షాఅర్’ అనే ఈ క్రియ ఈ అర్థంలో పాత నిబంధన మొత్తంలో ఇక్కడే కనిపిస్తుంది. తరవాతి కాలపు హీబ్రూలో, అరమాయిక్‌లో ఆ ధాతువుకు అంచనా కట్టడం, కొలత వేయడం అన్న అర్థాలు ఉన్నాయి. కాబట్టి లెక్క చూసుకోవడం అన్న తెలుగు పాఠం గట్టి పునాది మీదే ఉంది. 1885లో ఇంగ్లీషు బైబిలును సవరించిన పండితులు కూడా ‘తలచు’ అన్న పాత మాట తీసివేసి ‘లెక్కించు’ అన్న మాటే వేశారు. అయితే ఇంకొక దారి కూడా ఉంది. ప్రాచీన హీబ్రూ రాతలో హల్లులే రాసేవారు. మన లిపిలో గుడులు, కొమ్ములు తీసివేసి చదువుకొమ్మంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అవే మూడు హల్లులను కొద్ది తేడాతో పలికితే ‘వెంట్రుక’ అవుతుంది. క్రీస్తుపూర్వమే గ్రీకులోకి అనువదించినవారు అలాగే చదివారు. వారి పాఠం ప్రకారం ఆ లోభి ఇంట తినడం వెంట్రుక మింగినట్లు. 1989 నాటి నవీన ఇంగ్లీషు ప్రతి ఒకటి ఈ గ్రీకు దారినే పట్టి, గొంతులో వెంట్రుక అని వేసింది. తరవాతి వచనంలో కక్కుకోవడం ఉంది కదా, దానితో ఇది చక్కగా కలుస్తుంది. లెక్కా, వెంట్రుకా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. రెండింటిలో ఏది తీసుకున్నా, మనిషి ఏది తలిస్తే అది అవుతాడన్న సిద్ధాంతం మాత్రం అక్కడ లేదు.

ఈ గొంతు సంగతి ఇంకా వెనక్కి వెళుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఈజిప్టు పపైరస్‌ను 1923లో బడ్జ్ అనే పండితుడు ప్రకటించాడు. అమెనెమోపే అనే ఉద్యోగి తన కొడుకుకు చేసిన ఉపదేశం అది. మరుసటి ఏడే, 1924లో, జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మాన్ సామెతల గ్రంథంలో 22వ అధ్యాయం 17వ వచనం నుంచి 23వ అధ్యాయం 11వ వచనం దాకా ఉన్న భాగానికీ దీనికీ దగ్గరి పోలికలున్నాయని చూపించాడు. మన వచనం సరిగ్గా ఆ భాగంలోనే ఉంది. ఈజిప్టు గ్రంథంలో దానికి సరితూగే చోట ఉన్న హెచ్చరిక ఇది: పేదవాడి సొత్తుకు ఆశపడకు, అది గొంతులో అడ్డుపడి కక్కిస్తుంది. చూడండి, ఒక దేవతల లోకానికి చెందిన నీతిని హీబ్రూ లేఖకులు తమ దేవుణ్ని నమ్మే పాఠకుల కోసం మార్చుకున్నారు. ఇతర మతాల పుస్తకం నుంచి బతకడానికి పనికివచ్చే మాట తీసుకోవడం నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. లేఖనంలోనే ఆ అలవాటు ఉంది. అందువల్ల లౌకికమైన పుస్తకాల్లో మతగ్రంథాలను వాడడమే తప్పని నేను అనడం లేదు. పేదవాడి ముద్ద గొంతులో అడ్డుపడుతుందన్న ఆ మొదటి మాటను మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ముందుముందు దానికి ఏ గతి పట్టిందో చూస్తాము.

1611లో జేమ్స్ రాజు పేరుతో వెలువడిన ఇంగ్లీషు బైబిలు ఆ అరుదైన క్రియకు ‘తలచు’ అని అర్థం చెప్పింది. అప్పటికీ వాక్యం సర్వనామంతోనే ఉంది: అతడు ఎలా తలుస్తాడో అతడు అలా ఉంటాడు. అతడంటే ఎవరు? ఆ పిసినారి గృహస్థు. పైకి ఒకటి, లోపల ఒకటిగా ఉన్న ఆ మనిషిలో లోపలిదే నిజం అన్నది తాత్పర్యం. కాని ఇంగ్లీషులో ఈ పురుషవాచక సర్వనామానికి ఒక గుణం ఉంది. సందర్భం తెంచివేస్తే అది ఎవరో ఒకరిగా, మానవమాత్రుడిగా మారిపోగలదు. తెలుగులో ‘వాడు’, ‘అట్టివాడు’ అంత తేలికగా తెగవు. అవి వేలు చూపిస్తాయి. సర్వులకూ వర్తించే మాట చెప్పాలంటే మనకు ‘ఎవడు... వాడు’ అన్న జంట కావాలి, లేదా ‘మనిషి’ అన్న నామవాచకం కావాలి. మా విద్యార్థిని తెలుగు బైబిల్లో మొదట తట్టుకొని ఆగిపోయింది ఈ వ్యాకరణం దగ్గరే. ఆమెకు బైబిలు పాండిత్యం లేదు. వేలు ఎటు చూపిస్తున్నదో చూడాలన్న మాతృభాష జ్ఞానం ఉంది, అంతే.

ఆ నామవాచకాన్ని తెచ్చిపెట్టిన మనిషి జేమ్స్ అలెన్. 1864లో ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో పుట్టాడు. పని వెతుక్కుంటూ అమెరికా వెళ్లిన తండ్రి అక్కడ దోపిడీకి గురై హత్యకు గురయ్యాడు. కొడుకు పదిహేనేళ్లకే బడి మానుకొని పనిలో చేరవలసి వచ్చింది. 1901లో మొదటి పుస్తకం తెచ్చాడు. దాని పేరులోనే పేదరికం నుంచి శక్తికి అన్న ప్రయాణం ఉంది. 1903లో ‘యాజ్ ఎ మ్యాన్ థింకెత్’ అన్న చిన్న పుస్తకం వెలువడింది. అరచేతిలో ఇమిడే ఆ పుస్తకం నూరేళ్లు దాటినా ముద్రణలో ఉంది. ఈ రంగంలో తరవాత వచ్చిన ఎందరికో అదే మూలగ్రంథం. పేరు చూడండి. ‘అతడు’ పోయి ‘మనిషి’ వచ్చింది. విందు లేదు, లోభి లేడు, అతిథి లేడు. 1885 నాటి సవరించిన ఇంగ్లీషు పాఠం అచ్చులోకి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. కాని చర్చిలో చిన్నప్పటినుంచి విన్న పాత వాక్యానికి ఉన్న బరువు దానికి లేదు. పేరు పెట్టేవాడికి కావలసింది ఆ బరువే.

విచిత్రమేమంటే, అలెన్ ఆలోచన ఆ వచనం నుంచి పుట్టినట్లు కనిపించదు. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1879లో బుద్ధుని జీవితం మీద రాసిన ‘లైట్ ఆఫ్ ఏషియా’ కావ్యం ఆయన మీద బలమైన ముద్ర వేసింది. బౌద్ధుల ధమ్మపదం మొదటి పద్యమే మనసు ముందు నడుస్తుంది, మిగిలినవన్నీ దాని వెంట వస్తాయన్న భావంతో మొదలవుతుంది. భగవద్గీత 17వ అధ్యాయం 3వ శ్లోకంలో మనిషి శ్రద్ధామయుడని, ఎవరి శ్రద్ధ ఎలాంటిదో వారు అలాంటివారేనని ఉంది. ఈ రెండూ నిజంగా సర్వులకూ వర్తించేలా చెప్పిన మాటలు. సంస్కృతంలో అందుకు తగిన ‘యః... సః’ జంట కూడా ఉంది. తూర్పు నుంచి వచ్చిన సరుకును అలెన్ తన పాఠకులకు పరిచయమైన బైబిలు సంచిలో పెట్టి అందించాడని నా అభిప్రాయం. అందులో మోసం ఉందని అనను. ఆ రోజుల్లో ఇంగ్లండులోని గుమస్తాకు, మిల్లు కార్మికుడికి పాలీ గ్రంథం పేరు చెబితే పుస్తకం మూసేసేవాడు.

ఈ సంచి మార్పిడి అలెన్‌తో మొదలైనది కూడా కాదు. ఈ తరహా పుస్తకాలకు పేరు పెట్టిన శామ్యూల్ స్మైల్స్ 1859లో తన ‘సెల్ఫ్ హెల్ప్’ గ్రంథాన్ని, తనకు తాను సాయపడేవాడికే దైవం సాయపడుతుందన్న సామెతతో ప్రారంభించాడు. అది బైబిలు వాక్యమని నమ్మేవారు నేటికీ కోకొల్లలు. బైబిల్లో అది ఎక్కడా లేదు. దాని చుట్టాలు ఈసపు కథల వైపు ఉన్నారు.

మాట బయలుదేరిన చోటికీ చేరిన చోటికీ ఉన్న దూరం ఇప్పుడు చూడండి. అలెన్ పుస్తకంలో పరిస్థితుల మీద తలపుల ప్రభావం గురించి ఒక అధ్యాయం ఉంది. మనిషి ఉన్న స్థితి అతని తలపుల పంట అన్నది అందులోని వాదం. ఒక దరిద్రుడి ఉదాహరణ ఇస్తాడు. ఆ దరిద్రుడు పని ఎగ్గొట్టి యజమానిని మోసగించేవాడు. న్యాయంగా చెప్పాలంటే, కూలి ఎగ్గొట్టే యజమాని ఉదాహరణ, తిండిపోతు ధనికుడి ఉదాహరణ కూడా పక్కనే ఉన్నాయి. అలెన్ పక్షపాతి కాడు. అయినా ఫలితం ఏమిటి? ఈజిప్టులో పేదవాడి సొత్తు జోలికి పోవద్దని ధనికుణ్ని హెచ్చరించిన మాట, యెరూషలేములో లోభి ఇంటి మెట్లు ఎక్కవద్దని అతిథిని హెచ్చరించిన మాట, 1903 వచ్చేసరికి పేదవాడి వైపు తిరిగి నీ పేదరికం నీ తలపుల్లోంచి వచ్చిందని చెబుతోంది. దీనికి కారణం ఎవరి దుర్బుద్ధీ కాదు. ఒక సర్వనామం చేయి విడిచి వెళ్లిపోయింది.

ఇక్కడి నుంచి కథ మన పొరుగుకు, తమిళనాడుకు వస్తుంది. తూత్తుకుడిలో 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి తెల్లవారి ఓడలకు పోటీ ఓడలు నడిపిన వి.ఓ. చిదంబరం పిళ్లై పేరు తమిళనాట చదువుకున్నవారికి చెప్పనక్కరలేదు. 1908లో రాజద్రోహ నేరం మీద ఆయనకు కఠిన శిక్ష పడింది. కోయంబత్తూరు జైలులో ఎద్దుకు బదులు ఆయన చేత నూనె గానుగ లాగించారు. 1912 చివరిలో విడుదలయ్యారు. శిక్ష అనుభవిస్తున్న కాలంలోనే, 1909లో, అలెన్ పుస్తకానికి ఆయన చేసిన తమిళ అనువాదం ‘మనం పోల వాళ్వు’ వెలువడింది. తరవాత అలెన్ రచనలు మరికొన్ని కూడా తమిళం చేశారు.

ఆ పేరు మీద కాసేపు ఆగుదాం. తమిళంలో ‘మనం’ అంటే మనసు. ‘పోల’ మన ‘పోలు, పోలిక’లకు చుట్టం. ‘వాళ్వు’ అంటే బతుకు. మనసు ఎలాగో బతుకు అలాగే. అతడూ లేడు, మనిషీ లేడు, సొలొమోనూ లేడు. లేఖనం అన్న అధికార ముద్రను పక్కన పెట్టి తమిళ సామెతలా వినిపించే పేరు పెట్టారాయన. శుభకార్యాల్లో మనసుకు తగ్గ మాంగల్యం అని దీవించే తమిళుల చెవికి అది సొంత ఇంటి మాటలా ఉంటుంది. పిళ్లై తిరుక్కురళ్‌కు వ్యాఖ్య రాసిన పండితుడు కూడా. నీటి మట్టాన్ని బట్టి పువ్వు కాడ పెరిగినట్లు మనసును బట్టి మనిషి ఎదుగుదల ఉంటుందన్న భావం కురళ్‌లోనే ఉంది. కాబట్టి ఆ ఆలోచనకు తమిళ పాఠకుడు ఎవరి లేఖనం దగ్గరికీ అప్పుకు పోనక్కరలేదు. ఇంగ్లీషు పాఠకుడికి బైబిలు సంచి ఎందుకు అవసరమైందో, అదే కారణం వల్ల తమిళ పాఠకుడికి అది అక్కరలేకపోయింది. అనువాదకుడు అది గ్రహించాడు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. పీడకుడూ బానిసా ఇద్దరూ అజ్ఞానంలో ఒకరికొకరు తోడ్పడుతున్నవారే అన్న ధోరణి అలెన్ పుస్తకంలో ఉంది. తెల్లదొరల జైలులో గానుగ లాగుతున్న మనిషి ఆ పుస్తకాన్ని ఎందుకు ఎంచుకున్నాడు? ప్రభుత్వం దేహాన్ని కట్టివేసినా మనసు తన వశంలోనే ఉందన్న ధైర్యం ఆయనకు అందులో దొరికి ఉంటుందని నేను అనుకుంటాను. నీ బలం నీలోనే ఉందన్న మాటను పరాధీనంలో ఉన్న జాతి వినడం వేరు, జీతం పెంచమని అడిగిన ఉద్యోగి తన యజమాని నోట వినడం వేరు. విడుదలయ్యాక 1936లో మరణించేదాకా పిళ్లై జీవితంలో ఎక్కువ భాగం ఆర్థికమైన ఇబ్బందుల్లోనే గడిచింది. ఆయన తలపుల్లో లోటు వల్ల ఆ పేదరికం వచ్చిందని ఎవరు అనగలరు? మనసు ఎలాగో బతుకు అలాగే అని పేరు పెట్టినవాడి బతుకే ఆ సూత్రానికి లొంగలేదు. దీన్ని ఆయన మీద విమర్శగా రాయడం లేదు. ఆయన మనసుకు సరిపడిన బతుకును ఆనాటి రాజ్యం ఇవ్వలేదు.

ఇంతవరకు చూసింది ప్రథమ పురుష కథ. మిగిలిన రెండు పురుషలకూ ఇలాంటి కథలే ఉన్నాయి గాని క్లుప్తంగా చెబుతాను. న్యూయార్కులో ఒక చర్చికి 1932 నుంచి యాభై ఏళ్లకు పైగా బోధకుడుగా ఉన్న నార్మన్ విన్సెంట్ పీల్ 1952లో తన ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. మొదట దానికి ఆయన అనుకున్న పేరులో ‘విశ్వాసపు శక్తి’ ఉంది. చర్చి గడప తొక్కనివారు కూడా కొనాలంటే ఆ పేరు పనికిరాదని ప్రచురణకర్తల వైపు నుంచి సూచన వచ్చి ‘ది పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్’ అయింది. పేరులో విశ్వాసం పోయినా లోపలి పుటల నిండా బైబిలు వచనాలే. వైద్యుడు మందు చీటీ రాసినట్లు ఈ వచనం రోజుకు ఇన్నిసార్లు చదువుకోండి అని ఇస్తాడు. వాటిలో ముఖ్యమైనది పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలో 4వ అధ్యాయం 13వ వచనం. తనను బలపరిచేవాడి వల్ల తాను అన్నీ చేయగలనని పౌలు అనే చోటు అది. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడల మీద, క్యాలెండర్ల మీద తరచు కనిపించే వచనం కూడా అదే. దానికి ముందున్న రెండు వచనాల్లో పౌలు చెబుతున్నది ఏమిటి? కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, కలిగినా, లేకపోయినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని. రాసింది సంకెళ్లలో ఉండి. ఆ ‘నేను’ లేమిని భరించగల నేను. అమ్మకాలు పెంచుకోవాలనుకొనే వర్తకుడు ఉదయాన్నే అద్దం ముందు నిలబడి పలికే ‘నేను’ వేరు. రైన్‌హోల్డ్ నీబూర్ వంటి క్రైస్తవ చింతకులు పీల్ బోధను ఆ రోజుల్లోనే తప్పుపట్టారు.

మధ్యమ పురుషకు మన గీతే ఉదాహరణ. 2వ అధ్యాయం 47వ శ్లోకం లేని వ్యక్తిత్వ వికాస గ్రంథం మన దేశంలో అరుదు. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అన్న భావం అందరికీ తెలిసిందే. ఆ ‘నీకు’ అర్జునుడికి. రాజ్యం గెలుస్తానా, బంధువులను చంపుకొని ఏం బాగుపడతాను అని గాండీవం వదిలేసినవాడికి. యజమాని కొలువులో ఉన్నవాడికి ఈ శ్లోకం వినిపిస్తే ‘నీకు’ అన్నది ఉద్యోగి మీదికి మళ్లుతుంది. అదే శ్లోకాన్ని ఉద్యోగి తిరిగి యజమానికి చెప్పడం నేను ఇంతవరకు ఏ పుస్తకంలోనూ చూడలేదు. లాభం ఫలం కాదా? ఫలాసక్తి వదలమన్న శ్లోకం ఎక్కువ ఫలం సాధించే ఉపాయంగా అచ్చవడం మరొక వింత. అదే గీతలో 6వ అధ్యాయం 5వ శ్లోకం ఉంది. తనను తానే పైకి తెచ్చుకోవాలని, తనకు తానే బంధువు, తానే శత్రువు అని. నన్నడిగితే ఈ పుస్తకాలవారు ధైర్యంగా వాడుకోదగినది అది. సందర్భం మనసును నిగ్రహించుకోవడం, వాక్యం సర్వులకూ వర్తించేది. అయితే పక్కనే ఉన్న 6వ శ్లోకం కూడా కలిపి ఇవ్వాలి. మనసును గెలిచినవాడికే తాను బంధువు అన్న షరతు అందులో ఉంది. షరతులు అట్టల మీద బాగా కనిపించవు కాబట్టి దాన్ని వదిలేస్తారు.

కేరళ సరిహద్దు నుంచి బరంపురం దాకా, షోలాపూరు నుంచి యానాం దాకా మీరు కూర్చొనే తరగతి గదుల్లో ఒకే బల్ల మీద రెండు మూడు మతాలవారు, మూడు నాలుగు లిపులు చదివేవారు ఉంటారు. ఒక వచనాన్ని రెండు భాషల పాఠాల్లో పక్కపక్కన పెట్టి చూడగల సౌకర్యం తెలుగు నడిబొడ్డున ఉన్నవారికంటే మీకే ఎక్కువ. హోసూరు అమ్మాయికి తమిళం రాకపోయి ఉంటే తెలుగు బైబిలు పాఠాన్ని తప్పుపట్టి ఉండేది; తెలుగు రాకపోయి ఉంటే అసలు సందేహమే వచ్చేది కాదు.

చివరికి ఆమె ఏం చేసిందంటే, అధ్యాయం మొదట్లో ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషు గ్రంథకర్త సొంత మాటగా ‘మనిషి’ అన్న పదంతోనే తెలుగు చేసింది. బైబిలు అధ్యాయం సంఖ్య, వచనం సంఖ్య పైనుంచి తీసేసింది. అడుగున చిన్న అక్షరాల్లో నాలుగు పంక్తుల జ్ఞాపిక రాసింది. ఈ మాటకు ఆధారంగా చూపిన వచనం తెలుగు బైబిల్లో వేరే విధంగా ఉందని, అక్కడ ‘అట్టివాడు’ అంటే పిసినారి గృహస్థు అని, గ్రీకు పాఠంలో గొంతులో వెంట్రుక అని ఉందని. వెంట్రుక సంగతి ఈ పాఠకులకు అనవసరమని నేను ఆ పంక్తి కొట్టేశాను. శుద్ధప్రతి నా బల్ల మీదికి వచ్చినప్పుడు చూస్తే అది మళ్లీ తన చోటులో తాను ఉంది.